పట్టీ కింద మిగిలిన పసుపు

2023, వానాకాలం చివరి రోజులు. నిజామాబాద్‌లో ఒక చిన్న పిల్లల ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లలను చూసుకునే వార్డులో నేను స్టాఫ్ నర్సును. ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ డ్యూటీలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఇంట్లో నా పాప, వార్డులో ఇతరుల పాపలు. ఎవరు ఏడ్చినా నా గుండె దడదడలాడేది. ఇప్పటికీ నా స్వభావం అంతే. ఇది రాస్తూ కూడా మధ్యమధ్యలో లేచి, నిద్రపోతున్న నా కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుని వస్తున్నాను.

పుట్టిన పిల్లల ఒళ్ళు పసుపుపచ్చగా మారడం మాకు రోజూ కనిపించేదే. రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. దాన్ని బయటికి పంపడం కాలేయం పని. కొత్త కాలేయానికి ఆ పని ఇంకా సరిగా చేతకాదు కాబట్టి కొంత ఒంట్లోనే నిలిచిపోతుంది. చాలామందికి దానంతట అదే పోతుంది. కొందరికి పెరుగుతూ పోయి మెదడులోకి ఎక్కుతుంది. అలా ఎక్కితే వినికిడి పోవచ్చు, కాళ్ళూచేతులూ పట్టుతప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. పోయినది తిరిగి రాదు. అందుకే రక్తంలో అది ఎంత ఉందో కొలిచి, అవసరమైతే పాపను నీలి లైట్ల కింద పడుకోబెడతాం. దీన్ని ఫోటోథెరపీ అంటారు. ఆ కాంతి చర్మంలో ఉన్న బిలిరుబిన్‌ను సులభంగా బయటికి పోయే రూపంలోకి మారుస్తుంది. లైటు కళ్ళలో పడకుండా మెత్తటి పట్టీ కడతాం.

ఆ రోజు పొద్దున ముందుగా పసుపు వాసన వచ్చింది, తర్వాత మనుషులు వచ్చారు.

పాపను ఎత్తుకుని వచ్చింది అమ్మమ్మ రాజవ్వ. మోర్తాడ్ దగ్గర వాళ్ళకు పసుపు చేను ఉంది. కూతురు లావణ్య కాన్పు అయ్యాక పుట్టింటికి వస్తే, పసికందుకు తమ చేలో పండిన పసుపే దంచి, సెనగపిండి కలిపి రోజూ నలుగు పెట్టింది. పాప చెవుల వెనక, మెడ మడతల్లో, చంకల్లో పసుపే.

"పాలు తాగుత లేదు బిడ్డా. ఎప్పుడు జూసినా పండుకునే ఉంటది," అంది రాజవ్వ.

"ఒళ్ళు ఎప్పటినుంచి పచ్చగున్నది అవ్వా?"

"గది పసుపు బిడ్డా. మా చేన్ల కొమ్ము. జర రాస్తెనే ఎట్లెక్కిందో చూడు!" ఆమె మాటలో ఇంకా గర్వమే ఉంది.

తడి దూదితో నుదురు తుడిచాను. దూదికి పసుపు అంటింది. మళ్ళీ తుడిచాను, మళ్ళీ అంటింది. దూది తెల్లగా రావడం మొదలుపెట్టాక కూడా నుదురు పచ్చగానే ఉంది. వేలితో నొక్కి వదిలాను. వేలి కింద చర్మం నిమ్మపండు రంగులో కనిపించింది. పొట్ట, తొడలు, చివరికి అరికాళ్ళు కూడా అంతే. కనురెప్ప పైకెత్తాను.

"కండ్లల్ల ఎవరూ పసుపు రాయరు గదా అవ్వా?"

రాజవ్వ మొహం పాలిపోయింది. వెనక నిలబడ్డ లావణ్య, "నేను మొన్ననే అన్న, కండ్లు పచ్చగున్నయని. పసుపు వడ్డదన్నవు," అని గోడకు ఆనుకుంది. పసుపు పండించే ఇంట్లోనే ఈ పొరపాటు జరుగుతుంది. వాళ్ళకు ఆ రంగు చూస్తే భయం వేయదు, ముద్దొస్తుంది.

రక్త పరీక్షలో బిలిరుబిన్ పందొమ్మిది దాటింది. ఇంకాస్త పెరిగితే ఒంట్లో రక్తమంతా మార్చాల్సి వస్తుంది. డాక్టర్ మేడం పరిస్థితి వివరించి, వెంటనే లైట్ల కింద పెట్టాలని చెప్పారు. అంతలో పక్క ఆసుపత్రిలో కష్టమైన కాన్పు ఉందని పిలుపు వచ్చింది. వెళ్తూ వెళ్తూ నాతో, "సిస్టర్, నేను తిరిగొచ్చేసరికి పాప లైట్ల కింద ఉండాలి," అన్నారు.

సంతకం పెట్టాల్సింది పాప తండ్రి శ్రీకాంత్. పెన్ను చేతిలో పట్టుకుని, "బాపు వస్తుండు సిస్టర్. బాపు ఎట్లంటే గట్ల," అన్నాడు.

బాపు వచ్చాడు. పేరు గంగాధర్ సార్. బోధన్ దగ్గర బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. తెల్లటి లాల్చీ, జేబులో రెండు పెన్నులు. మనిషి మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. ఆ తర్వాత నవ్వాడు.

"సిస్టర్, మీరు జెప్పేది కొత్తది గాదు. గిది మనోళ్ళు వేల ఏండ్ల కిందనే చెప్పిండ్రు. వేదంల సూర్యుని మంత్రం ఉన్నది, పసుపు రోగాన్ని సూర్యుడు తీసేస్తడని. మీ మిషన్ దానికి నకలు. అసలుండంగ నకలెందుకు?"

కిటికీ వైపు చెయ్యి చూపించాడు. వారం రోజుల ముసురు తర్వాత ఆ పొద్దునే వాన తెరిపిచ్చి, ఎండ నిగనిగలాడుతోంది. ఆ రోజు వాన పడుతూ ఉంటే నా పని తేలికయ్యేదేమో.

"సూడుండ్రి, సూర్యుడు గూడ వచ్చిండు," అన్నాడు సార్. "ఇంటికి తీస్కపోయి పొద్దున ఎండల పండబెడతం. మూడు రోజులల్ల మీకే తెచ్చి చూపిస్త."

ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. బోధన్‌లో ఏదో సభ. వెనక 'వేదాల్లో విజ్ఞానం' అని బ్యానర్, సార్ భుజాల మీద శాలువ. ఆ ఉపన్యాసంలో ఈ మంత్రానికే పెద్దపీటట. లావణ్య బెడ్ మీద కూర్చుని, మగతగా పడి ఉన్న పాప అరికాళ్ళు గీరుతోంది, లేచి పాలు తాగుతుందేమోనని. పాప లేవడం లేదు.

డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా తీసుకుపోతున్నామని సంతకం పెట్టి వెళ్ళడాన్ని మేం లామా అంటాం. లామా మీద వెళ్ళిన పిల్లలు తిరిగి ఎలా వస్తారో నేను చూశాను. ఒళ్ళు విల్లులా వెనక్కి వంగిపోయి ఉంటుంది. సన్నని గొంతుతో ఏడుపు ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఆ ఏడుపు ఒకసారి విన్నవాళ్ళు మరిచిపోలేరు.

వాదిస్తే ఈ మనిషి లేచి వెళ్ళిపోతాడని అర్థమైంది. పాతిక ముప్పై ఏళ్ళు తరగతి గదిలో తనే చివరి మాట చెప్పిన మనిషి. ఎవరైనా కాదంటే ఒప్పుకోడు. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా కూడా ఉండలేడు.

"సార్, మంత్రం మొత్తం ఒకసారి చెప్పుండ్రి. ఎంతసేపు పెట్టాలె, ఎంత దూరంల పెట్టాలె, ఎన్ని రోజుల పిల్లకు అని దాంట్ల ఉన్నదా?"

సార్ గొంతు సవరించుకుని ఒక పాదం చక్కగా చదివాడు. తర్వాత ఆగాడు.

"తర్వాతది?"

"దాని తర్వాత... గదే అర్థం వస్తది."

"గదే అర్థం అంటే ఎట్ల సార్? లైటు కింద పెట్టే ముందు మేం గంటలు జూస్తం, బరువు జూస్తం, వేడి జూస్తం. అసలు అది అంటున్నరు గదా, మరి కొలతలు అసలుల ఉండాలె."

ఆయనకు పట్టుదల వచ్చింది. "నాకు సంస్కృతం చెప్పిన శాస్త్రిగారు ఉన్నరు. ఆయన నోటెంట వినుండ్రి," అని ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. బోధన్‌లో ఉండే ఆ పెద్దాయన గొంతు సన్నగా, స్పష్టంగా ఉంది. అడగ్గానే మంత్రం మొత్తం స్వరంతో చదివాడు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు జలదరించింది. అంత బాగుంది.

"శాస్త్రిగారూ, సిస్టర్‌కు అర్థం జెప్పుండ్రి," అన్నాడు సార్.

"ఉదయించే సూర్యుణ్ణి వేడుకుంటున్నడమ్మా రోగి. నా గుండెల బాధ తీసెయ్యి, నా ఒంటి పసుపు తీసెయ్యి అని. ఆ పసుపును చిలకలకు ఇద్దాం, గోరింకలకు ఇద్దాం, అవి మోసుకపోతయి అంటడు."

రాజవ్వ ముందు తేరుకుంది.

"చిలకలకా? మా మక్క కంకులన్ని తిన్నయి, ఇప్పుడు పసుపు గూడ గావాల్నటనా?"

లావణ్య కళ్ళనీళ్ళ మధ్యే ఫక్కున నవ్వింది. సార్ మొహం కందిపోయింది.

"గా చిలకల ముచ్చట నాకెన్నడు చెప్పలే మీరు."

"నువ్వు అడగలే గంగాధర్. నువ్వు మొదటి పాదం రాసుకొని పోయినవు."

"మరి నా ఉపన్యాసంల ముందట్నే కూసున్నరు గదా! అప్పుడన్న చెప్పకపోతిరి?"

"నీకు శాలువ కప్పుతున్నరు. అప్పుడు లేసి చిలకల గురించి ఏం జెప్పాలె?" పెద్దాయన కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "అది మొర గంగాధర్. మందుచీటి గాదు. అందుల పసిపిల్ల మాట లేదు, ఎంతసేపో లేదు. నేను ఈడ కూసోని మంత్రం చదువుత, అది నా పని. పిల్లను మాత్రం డాక్టర్ చెప్పినట్టు చెయ్యి." ఫోన్ పెట్టేశాడు.

అయినా గంగాధర్ సార్ అంత తొందరగా లొంగలేదు. లొంగకపోవడానికి ఆయన దగ్గర మంచి కారణమే ఉంది.

"చిలకల సంగతి ఇడిచిపెట్టుండ్రి. నేను ఫిజిక్స్ జెప్పిన మనిషిని. ఎండల నీలి కాంతి ఉంటది. అవునా కాదా?"

"ఉంటది సార్," అన్నాను. అది నిజం. నాకు నర్సింగ్ కాలేజీలో చెప్పిన పాఠం గుర్తొచ్చింది. "ఈ లైటు సంగతి మొదట పట్టుకున్నది కూడ ఒక నర్సే సార్. పరాయి దేశంల. పిల్లలను ఎండకు తిప్పుతుంటే, ఎండ తగిలిన చోట పసుపు తగ్గింది, గుడ్డ కప్పిన చోట తగ్గలే. ఆమె చూసింది, డాక్టర్లకు చూపించింది. వాళ్ళు గంతటితో నమ్మి ఊకోలే. రక్తం తీసి కొలిచిండ్రు. ఏ రంగు కాంతి పనిచేస్తదో, ఎంత కావాల్నో ఎతికిండ్రు. ఎండల పెడితే పిల్ల ఒళ్ళు కాలొచ్చు, నీరు గుంజుకపోవచ్చు. మబ్బు వస్తే అదీ లేదు. ఈ పాపకు ఇప్పుడు ఎంత కాంతి పడ్డదో మీరు ఇంట్ల ఎట్ల కొలుస్తరు?"

అప్పుడు గోడ పక్క నుంచి శ్రీకాంత్ మాట్లాడాడు. అంతవరకు అతని గొంతే నేను సరిగా వినలేదు.

"బాపూ, తొమ్మిదో తరగతిల నాకు ప్రాక్టికల్స్‌ల సున్నా వేసినవు. యాదున్నదా?"

"ఇప్పుడు గదెందుకురా?"

"రీడింగ్ తీసుకోకుండ రాసిన అని వేసినవు. ఎక్కడ చూసి రాసినవురా అని అందరి ముందట నిలబెట్టి అడిగినవు. సొంత కొడుకునని గూడ చూడలే." చేతిలోని పెన్ను పాప వైపు చూపించాడు. "ఇప్పుడు నా బిడ్డ సంగతి నువ్వు ఎక్కడ చూసి చెప్తున్నవు బాపూ?"

సార్ కొడుకు వైపు చూశాడు, మనుమరాలి వైపు చూశాడు. అంత పెద్దమనిషి బెంచీ మీద కూలబడి కళ్ళద్దాలు తీసి లాల్చీ అంచుతో చాలాసేపు తుడిచాడు.

"సంతకం పెట్టురా," అన్నాడు చివరికి. ఆ వెంటనే వేలెత్తి నాకు చూపించాడు. "గని ఒక్క షరతు. నేను ఈడనే కూసుంట. రేప్పొద్దున రక్తంల తగ్గకపోతే పిల్లను తీస్కపోత."

సరేనన్నాను. అనేశాక భయం పట్టుకుంది. కొందరు పిల్లల్లో లైట్లు పెట్టినా మొదటి రోజు పెరుగుతుంది. తగ్గకపోతే ఈయన అన్నంత పనీ చేస్తాడు. పాప ఒంటి మీది పసుపంతా తుడిచి, డైపర్ మాత్రం ఉంచి, కళ్ళకు పట్టీ కట్టి లైట్ల కింద పడుకోబెట్టాను. నీలి వెలుగులో పాప చిన్న గాజుబొమ్మలా ఉంది. డాక్టర్ మేడం తిరిగొచ్చి చూసి నా భుజం తట్టారు. డ్యూటీ దిగి ఇంటికెళ్ళాక నా పాపకు పాలిస్తూ ఆ పాపనే తలుచుకున్నాను. అది తాగుతోందా? లేచిందా? ఫోన్ చేసి అడగాలనిపించింది, అడిగితే ఏం చెబుతారోనని మానేశాను.

పొద్దున వెళ్ళేసరికి గంగాధర్ సార్ గాజు గోడకు ఇవతల అదే బెంచీ మీద ఉన్నాడు. లాల్చీ నలిగిపోయింది. పాపకు పాలిచ్చే వేళ. లావణ్య ఒళ్ళో పెట్టి, కళ్ళ పట్టీ విప్పాను.

బుగ్గలు, ఛాతీ, చేతులు గులాబీ రంగుకు తిరిగాయి. కళ్ళ చుట్టూ మాత్రం, పట్టీ ఉన్నంత మేర, గీత గీసినట్టు పసుపు అలాగే ఉంది. మేం దీన్ని తరచుగా చూస్తాం. కానీ ఇంత స్పష్టంగా చూడటం నాకు అదే మొదటిసారి. చర్మం రంగును నమ్మి లైట్లు తీసేయకూడదు, రక్తంతోనే నిర్ణయించాలి. రక్తం అప్పటికే ల్యాబ్‌కు వెళ్ళింది.

సార్‌ను లోపలికి పిలిచాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. డైపర్ అంచు కాస్త కిందికి జరిపి చూపించాను. అక్కడా అంతే, గీతకు ఇవతల గులాబీ, అవతల పసుపు.

ఆయన నిటారుగా లేచి నిలబడ్డాడు. "సిస్టర్," అన్నాడు, గొంతులో తరగతి గది తిరిగొచ్చింది. "ఇది కంట్రోల్! పోల్చి చూసేటందుకు ఇడిచిపెట్టిన భాగం. ఒకే పిల్ల మీద, ఒకే రాత్రిల. తగిలిన చోట ఒకటి, తగలని చోట ఒకటి. నేను ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన ప్రయోగం ఇంత మంచిగ ఎన్నడు చెయ్యలే."

రాజవ్వకు అది నచ్చలేదు. "ఏందన్నా, శాస్త్రిగారు గూడ మంత్రం చదివిండు గదా. మరి తగ్గింది లైటుతోనో, చిలకలతోనో?"

"చెల్లె, మంత్రంతో పోతే పట్టీ కింద గూడ పోవాలె గదా. మంత్రానికి గుడ్డ అడ్డమొస్తదా? లైటుకే అడ్డమొస్తది."

"చిలకలు కండ్లకాడ మర్సిపోయినయేమో!"

"డైపర్ కింద గూడ మర్సిపోయినయా?"

రాజవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. అంతలో ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. పదిహేనుకు దిగింది. నేను ఆ సంఖ్య చెప్పగానే శ్రీకాంత్ తండ్రిని గట్టిగా పట్టుకున్నాడు. లావణ్య ఒళ్ళో పాప చప్పరిస్తూ పాలు తాగుతోంది. కళ్ళు విప్పి తాగుతోంది. ఆ రోజు వార్డులో నేను నడవలేదు, తేలుతూ తిరిగాను.

మరికొన్ని రోజులకు పాప ఇంటికి వెళ్ళింది. కొన్ని నెలల తర్వాత గంగాధర్ సార్ ఫోన్ చేశాడు. "బోధన్‌ల మళ్ళ ఉపన్యాసం ఉన్నది. మీరు రావాలె సిస్టర్." నా పాపను ఒళ్ళో పెట్టుకుని, చెరకు తోటల మధ్య బస్సులో వెళ్ళాను. అదే బ్యానర్. సార్ లేచి మంత్రం మొత్తం చదివాడు. చిలకలూ గోరింకలూ అన్నీ. అర్థం చెప్పగానే సభలో నవ్వులు లేచాయి. తర్వాత ఆ పొద్దున వార్డులో తీసుకున్న పాప ఫోటో చూపించి, కళ్ళ చుట్టూ ఉన్న పసుపు గీత మీద వేలు పెట్టి, తనెలా పొరబడ్డాడో చెప్పాడు.

ముందు వరసలో ఒకాయన లేచాడు. "అంటే మన వేదంల సైన్స్ లేదంటవా సార్?"

"ఏమున్నదో గది ఉన్నదంటున్న," అన్నాడు సార్. "బాధల ఉన్న మనిషి పొద్దుగాల సూర్యుణ్ణి చూసి ఏడిసిన ఏడుపు ఉన్నది. గది తక్కువదా? దానికి నేను మిషన్ తగిలిచ్చి చిన్నగ చేసిన."

చప్పట్లు అంతంతమాత్రంగా పడ్డాయి. నిర్వాహకులు తెచ్చిన శాలువ మడత విప్పకుండా టేబుల్ మీదే ఉండిపోయింది. అప్పుడు ఒక బక్కపల్చటి ముసలాయన వేదిక ఎక్కి, తన భుజం మీది ఉత్తరీయం తీసి గంగాధర్ సార్‌కు కప్పాడు. మాట వినకముందే ఆయన ఎవరో నాకు తెలిసిపోయింది. నేను పాపను చంకనేసుకుని లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాను.

నాలాంటి భయస్తురాలైన తల్లికి ఏదైనా నమ్మించడం చాలా సులభం. ఫోన్‌లో రోజూ వస్తూనే ఉంటాయి. ఫలానా గ్రంథంలో ఈ జబ్బుకు మందు ఎప్పుడో రాశారు, ఫలానా శ్లోకంలో గర్భం సంగతి అంతా ఉంది, ఫలానా వాక్యంలో ఇప్పటి శాస్త్రమంతా దాగుంది అని. మా వార్డుకు అన్ని మతాల తల్లులూ వస్తారు, అన్ని గ్రంథాల పేరుతోనూ ఈ మాటలు వస్తాయి. ఇంతకుముందు చదివి బెంగపడేదాన్ని. ఇప్పుడు రెండు సంగతులు అడుగుతాను. ముందూ వెనకా ఏముందో మొత్తం చదివారా? ఇందులో పట్టీ ఏది? అంటే, ఇది తప్పయితే ఆ తప్పు ఎక్కడ కనబడుతుంది? కనబడే చోటే లేకపోతే అది ప్రార్థన కావచ్చు, కవిత్వం కావచ్చు. దానికి దండం పెడతాను. నా బిడ్డను మాత్రం దాని మీద పడుకోబెట్టను.

ఈ మధ్య ఆ పాప టీకాకు వచ్చింది. మాటలు నేర్చింది, తాత చెయ్యి వదిలి పరిగెత్తుతోంది. మా వార్డు గోడ మీద పిల్లల కోసం వేసిన పక్షి బొమ్మల ముందు నిలబడి ఉంది. నాకు లోపల ఒక పాత భయం మిగిలే ఉంది. చెవి పరీక్ష రిపోర్టు బాగుందని తెలుసు, అయినా ఆగలేకపోయాను. వెనక నుంచి, దూరంగా, చాలా మెల్లగా పిలిచాను.

"ఓ చిలకా."

చటుక్కున వెనక్కి తిరిగి చూసింది.